మా మనవరాలి పెదవి కలిసిన రోజు

మా మనవరాలు పుట్టినప్పుడు పై పెదవి ఎడమ వైపు ముక్కు దాకా చీలి ఉంది. లోపల అంగిట్లో కూడా సందు ఉంది. దీన్ని గ్రహణం మొర్రి అంటారు. కాన్పు గదిలోంచి నర్సమ్మ పిల్లను గుడ్డలో చుట్టి తెచ్చి నా చేతుల్లో పెడుతూ, "అవ్వా, పిల్ల మంచిగుంది, ఏడుపు గట్టిగుంది, మూతి ఒక్కటే జర..." అని ఆగింది. నేను గుడ్డ తీసి చూశాను. పిల్ల కూడా నన్ను చూసింది. పుట్టి గంట కాలేదు, అంతంత కళ్ళు పెట్టుకుని చూసింది. నేను ముందు ఆ కళ్ళనే చూశాను, మూతి తర్వాత చూశాను.

పిల్లకు పాలు చీకడం రాలేదు. నోట్లో గాలి నిలవకపోతే చీకడం ఎట్లా వస్తుంది? రొమ్ము పట్టేది, వదిలేది, ఏడ్చేది. లోపలికి పోయిన నాలుగు చుక్కలు కూడా ముక్కులోంచి బయటికి వచ్చేవి. అందుకని పిల్ల తల్లి, అంటే నా బిడ్డ, పాలు పిండి ఇస్తే నేను ఉగ్గుగిన్నెతో పోసేదాన్ని. అట్లా పోసేటప్పుడు పిల్లను పడుకోబెట్టకూడదు. కూర్చున్నట్టు నిలువుగా పట్టుకుని, గిన్నె మూతిని బాగున్న దవడకు ఆనించి, ఒక్కొక్క చుక్క వదలాలి. మింగిందా లేదా అని గొంతు మీద వేలు పెట్టి చూసుకోవాలి. గిన్నెడు పాలకు గంట పట్టేది. పిల్ల తేన్చి, నేను నడుం వాల్చేలోపు మళ్ళీ ఆకలి అయ్యేది.

మా ఊరు రాజోలి దాటాక తుంగభద్ర వైపు. నా బిడ్డను ఇచ్చింది ఖిల్లా ఘణపూర్ దగ్గర. కాన్పుకు నా దగ్గరికి వచ్చింది, పిల్ల ఇట్లా పుట్టేసరికి నా దగ్గరే ఉండిపోయింది. అల్లుడు బోర్లు వేసే లారీ మీద పనికి పోతాడు. నెలకో రెండు నెలలకో వచ్చి, ఒళ్ళంతా దుమ్ముతో ఉన్నా సరే ముందు పిల్లను ఎత్తుకునేవాడు.

ఎందుకు ఇట్లా పుట్టిందని మేము అడగకముందే ఊరు మాకు జవాబు చెప్పేసింది. మాకు రెండెకరాల సీడు పత్తి ఉంది. విత్తనం కోసం పండించే పత్తి కాబట్టి దానికి చేతి పని ఎక్కువ. సాయంత్రం ఆడ చెట్ల మీది మొగ్గలను గోటితో ఒలవాలి, మధ్యలో ఉండే కాడకు దెబ్బ తగలకుండా చుట్టూ ఉన్న పుప్పొడి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి ఆ కాడకు రుద్దాలి. ఇవాళ ఒలవాల్సిన మొగ్గను ఇవాళే ఒలవాలి. రేపటికి అది పువ్వైపోతుంది, ఇక పనికి రాదు. ఆ ఏడు సరిగ్గా సాయంత్రం పూట గ్రహణం పట్టింది. కూలీలు ఎవరూ ఇళ్ళలోంచి బయటికి రాలేదు. కడుపుతో ఉన్న నా బిడ్డ నన్ను చూడ్డానికి వచ్చి ఉంది. "నాలుగు సాళ్ళు నేను జూస్త అమ్మా" అంది. నేను వద్దనలేదు. అది తనంతట తానే అందని ఊళ్ళో చెప్పుకున్నాను గానీ, నిజానికి ముందు అడిగింది నేనే.

"గ్రహణం నాడు గోటితోని మొగ్గలు గిల్లింది, పిల్లకు మూతి గిల్లినట్టయ్యింది" అన్నారు ఆడవాళ్ళు. నా మొహం మీద ఎవరూ అనలేదు. బోరింగు దగ్గర, నాకు వినపడేంత మెల్లగా అన్నారు. నా బిడ్డ మాత్రం నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఒక్కసారి అనేస్తే బాగుండు కదా అనిపించేది నాకు.

పిల్లకు మూడో నెలలో మా ఊరి ఆశా ఆమె వచ్చి చెప్పింది. "వనపర్తి దవాఖానకు బయటి డాక్టర్లు వస్తుండ్రు. ఇసొంటి పిల్లల మూతులు కుట్టి మంచిగ చేస్తరంట. ఊరికెనే చేస్తరంట. పోండి." పోయాం. పిల్లను తూకం వేశారు. మూడున్నర కిలోలు. ఐదు దాటితే గానీ మత్తు ఇవ్వకూడదన్నారు. ఇంకా చిన్నది, తట్టుకోలేదు, మళ్ళీ చలికాలంలో వస్తాం, అప్పటికి బరువు పెంచుకుని రండి అన్నారు.

బరువు పెంచుకుని రండి అనడం ఒక్క మాటలో అయిపోతుంది. ఎనిమిది నెలలు నేను ఆ గిన్నెతోనే బతికాను. ఆరో నెల దాటాక రాగిజావ, తర్వాత మెత్తగా పిసికిన అన్నం, అరటిపండు. నెలకోసారి అంగన్‌వాడీలో తూకం. ముల్లు కొంచెం జరిగితే ఆ పూట నేను కడుపు నిండా తినేదాన్ని. చలికాలం పడ్డాక ఇంకో భయం పట్టుకుంది, జలుబు చేస్తే కూడా వెనక్కి పంపుతారట. ఇంటికి ఎవరు వచ్చినా ముందు వాళ్ళ ముక్కు వైపు చూసేదాన్ని. మా ఆడబిడ్డ ఒకసారి గడపలో తుమ్మితే అటునుంచి అటే పంపించాను. ఆమె ఇప్పటికీ ఆ మాట ఎత్తుతుంది.

పదకొండో నెలలో మళ్ళీ వనపర్తికి పోయాం. ఆరున్నర కిలోలు తూగింది. మా పేరు రాసుకున్నారు. క్యాంపు ఆఖరి రోజున మాకు ఒకటో నంబరు వచ్చింది. చిన్న పిల్లలు ఆకలికి ఓర్వలేరు కాబట్టి వాళ్ళనే ముందు తీసుకుంటారట.

ముందు రోజు పెద్ద డాక్టరు పిల్లను చూశాడు. సన్నగా, పొడుగ్గా, తల నెరిసిన మనిషి. మూలకు ఉన్న బల్ల మీద పిల్లను కూర్చోబెట్టి, పెన్నంత టార్చీ నోట్లోకి వేసి చూస్తూ, పక్కన ఉన్నవాళ్ళతో కన్నడంలో ఏదో అన్నాడు. నా పుట్టిల్లు రాయచూరు వైపు. అది వినేసరికి నా నోరు ఊరుకోలేదు. వచ్చీరాని కన్నడం, తెలుగు కలిపి అడిగేశాను. "సారూ, ఈడ ఇంత మాంసం లేదు గద, అది ఎక్కడికెల్లి తెస్తరు? తొడకెల్లి కోస్తరా?"

ఆయన నవ్వలేదు. పిల్ల పెదవి రెండు అంచులను రెండు వేళ్ళతో మెల్లగా దగ్గరికి తెచ్చి పట్టుకున్నాడు. "ఏనూ కమ్మి ఇల్లమ్మా. ఎల్లా ఇదె. కూడిల్ల, అష్టే" అన్నాడు. ఏదీ తక్కువ లేదు, అన్నీ ఉన్నాయి, కలవలేదు, అంతే అని. ఆయన వేళ్ళ మధ్య ఒక్క క్షణం పిల్ల పెదవి నిండుగా కనపడింది. ఆయన వేళ్ళు తీయగానే మళ్ళీ విడిపోయింది. పదకొండు నెలలు ఆ మూతిని రోజుకు ఎనిమిదిసార్లు చూసినదాన్ని, అక్కడ ఏదో తెగిపోయి, పోయిందనే అనుకున్నాను. అన్నీ అక్కడే ఉన్నాయని నాకు తోచనే లేదు.

ఆ సాయంత్రం నర్సమ్మ వార్డులో తల్లులందరినీ కూర్చోబెట్టి, పొద్దున ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పింది. నేను అప్పుడు కొళాయి దగ్గర పిల్ల బట్టలు పిండుతున్నాను. వచ్చి అడిగితే నా బిడ్డ చెప్పింది. "పొద్దుగాల ఆపరేషన్ అయ్యేదాంక ఏం తినిపియ్యొద్దంట అమ్మా." సరే అన్నాను. ఉపవాసం నాకు కొత్తదేం కాదు. ముప్పై ఏళ్ళ నుంచి శనివారం ఒక్కపొద్దు ఉంటున్నాను. మా ఇంట్లో ఒక్కపొద్దు అంటే అన్నం, రొట్టె ముట్టరు. చాయ తాగొచ్చు, పాలు తాగొచ్చు, పండు తినొచ్చు. వండిన మెతుకు నోట్లో పడకపోతే ఒక్కపొద్దు నిలిచినట్టే.

తెల్లవారుజామున పిల్ల లేచి ఏడుపు అందుకుంది. నా బిడ్డ మూడు రోజుల అలసటతో గోడకు తిరిగి నిద్రపోతోంది. లేపడానికి మనసు రాలేదు. పిల్లను భుజాన వేసుకుని వరండాలోకి వచ్చాను. గేటు ముందర చాయ కొట్టు అప్పుడే తెరిచారు. పాలు తెచ్చాను, చల్లార్చాను, సంచిలో ఉన్న అరటిపండు సగం పిసికి కలిపాను. ఎండ పొడ కూడా రాని ఆ వరండాలో కూర్చుని, గొంతు మీద వేలు పెట్టి, చుక్క చుక్క పోశాను. పిల్ల తేన్చింది. ఇవాళ దానికి ఇంత పెద్ద పని ఉంది, పిచ్చిది ఒక్కపొద్దు ఉంది అనుకుని తల నిమిరాను.

ఏడున్నరకు పిలిచారు. ఆపరేషన్ గది తలుపు దగ్గర మత్తు డాక్టరమ్మ నిలబడి ఉంది. నలభై ఏళ్ళుంటాయి, గట్టి మనిషి. మాట కూడా గట్టిగానే ఉంటుంది, కానీ హైదరాబాదు వైపు చదువుకున్నవాళ్ళ తెలుగు.

"రాత్రి నుంచి పాపకు ఏమైనా పెట్టారా?"

"లేదమ్మా" అంది నా బిడ్డ.

"నీళ్ళు గానీ, పాలు గానీ?"

"ఏం లేదు."

అక్కడితో ఊరుకుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ తలచుకుంటాను. కానీ నేను ఊరుకోలేదు, నా గొప్ప చెప్పుకోవాలి కదా. "నేనే దగ్గరుండి సూసుకున్న డాక్టరమ్మా. ఒక్కపొద్దు గట్టిగ ఉంచిన. రెండు గుక్కల పాలు, ఇంత పండు తప్పితే మెతుకు ముట్టనియ్యలే" అన్నాను.

ఆమె పిల్ల కోసం చాపిన చేతులు వెనక్కి తీసుకుంది.

"ఎప్పుడు?"

"ఇందాకనే. ఆరుకు."

నా బిడ్డ నా వైపు తిరిగింది. దాని మొహం నేను చూడలేకపోయాను.

"అమ్మా, మత్తు ఇస్తే ఈ పాలు పైకి వస్తాయి. మీరు మేము అయితే దగ్గుతాం, కక్కుతాం. మత్తులో ఉన్న పిల్ల దగ్గలేదు. ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అర్థమైందా? ప్రాణం పోతుంది" అంది డాక్టరమ్మ. అరవలేదు. అరిచినా బాగుండేది.

"పాలే కదమ్మా" అన్నాను నేను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినబడింది. పదకొండు నెలలు ప్రాణం నిలబెట్టిన చేత్తోనే ఆ పొద్దున ప్రాణం తీసేదాన్ని.

"ఒకటో నంబరు ఆగింది, రెండో నంబరు రండి" అని లోపలికి కేక వినపడింది. నా బిడ్డ పిల్లను తీసుకుని పోయి వార్డులో మంచం మీద కూర్చుంది. నాతో ఒక్క మాట అంది. "మళ్ళ వచ్చేసారి అంటే ఎన్నడో అమ్మా. వస్తరో రారో."

ఆఖరి రోజు కాబట్టి ముగ్గురికే ఆపరేషన్లు పెట్టుకున్నారు. పన్నెండున్నరకల్లా ముగించి, సామాన్లు సర్దుకుని, పోయి హైదరాబాదులో రైలెక్కాలి. ఆ సంగతి వార్డులో అందరికీ తెలుసు. వరండాలో నీలం రంగు పెట్టెలు వరసగా పెట్టి కూడా ఉన్నాయి.

మా పక్క మంచం నాగర్‌కర్నూల్ వైపు వాళ్ళది. తల్లి, పదేళ్ళ కూతురు. ఆ తల్లీతండ్రీ ఏటా బొంబాయి దిక్కు పనికి పోతారు. ఈ పిల్లకు చిన్నప్పుడు చేయించలేక ఇన్నాళ్ళు అయిందట. వాళ్ళది మూడో నంబరు. ఆ పిల్ల మాట ముక్కులోంచి వచ్చేది, మొదట్లో అందరికీ అర్థం కాదు, నాకు మాత్రం అర్థమయ్యేది. నా దగ్గరికి వచ్చి కూర్చుని, "అవ్వా, నీ బుడ్డదానికి తినవెట్టి నన్ను ముందలికి తోల్తున్నవా? నాకే భయమైతుంటే" అంది.

"నోర్ముయ్యే" అంది తల్లి. "అవ్వ పరేషాన్‌ల ఉన్నది."

"నేనేమన్న? ఆకలైతుంది నాకు. నాకు గూడ ఒక్కపొద్దు పాలు పొయ్యమను."

ఆ పిల్ల మాటకు నా బిడ్డ కూడా నవ్వింది. నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది.

లోపల రెండో నంబరుకు మత్తు ఇచ్చేముందు పెద్ద డాక్టరు, మత్తు డాక్టరమ్మ ఇద్దరూ మా మంచం దగ్గరికి వచ్చి నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. నాకు వాళ్ళ మాటలు తెలియవు. మొహాలు చూస్తూ కూర్చున్నాను. ట్రైన్ అనే మాట రెండుసార్లు వచ్చింది. డాక్టరమ్మ గడియారం చూసి వేళ్ళ మీద లెక్క పెట్టింది. పెద్ద డాక్టరు వంగి పిల్ల చేతికి తన వేలు ఇచ్చాడు. పిల్ల పట్టుకుంది.

డాక్టరమ్మ నాతో అంది. "పాలకే ఆరు గంటలు ఆగాలి. పండు కూడా పెట్టారు కాబట్టి ఒంటిగంటకు ముందు నేను ముట్టుకోను. అప్పటికి పాపకు జ్వరం, దగ్గు ఏమీ లేకపోతే చేస్తాం. ఇక నా ముందు తప్ప పాపకు ఏమీ పట్టకూడదు."

"మరి మీ రైలు బండి?" అంది నా బిడ్డ.

పెద్ద డాక్టరుకు ఆ మాట అర్థమైంది. "నావు ఇల్లే ఇర్తీవమ్మా" అన్నాడు, మేము ఇక్కడే ఉంటాం అని. పోతూ పోతూ నా వైపు తిరిగి, "నీవు ఊటా మాడ్రి. మగువిగె మాత్ర ఏనూ బేడ" అన్నాడు. మీరు భోజనం చేయండి, పాపకు మాత్రం ఏమీ వద్దు అని. అప్పుడు నవ్వాడు.

రెండో నంబరు, తర్వాత నాగర్‌కర్నూల్ పిల్ల, ఇద్దరికీ పదకొండున్నరకే అయిపోయింది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. వాళ్ళ మనుషులు పదిమంది దాకా ఉంటారు. ఒక్క ఆపరేషన్‌కు కావాల్సిన సామాను విడిగా పెట్టుకుని మిగతాది అంతా పెట్టెల్లోకి సర్దేశారు. సర్దేసి ఆ పెట్టెల మీదే వరసగా కూర్చున్నారు. పేపరు ప్లేట్లలో పులిహోర తిన్నారు. ఒకతను గోడకు తల ఆనించి కునికాడు. ఎవరూ మా వైపు కోపంగా చూడలేదు. అది నాకు చాలా కష్టమనిపించింది. ఏ ఊరి మనుషులో, ఎవరి ఇళ్ళలో వాళ్ళ కోసం ఎవరు చూస్తున్నారో, మా పిల్ల కడుపులో పాలు అరగాలని అంతమంది కూర్చున్నారు.

ఆ రెండు ఆపరేషన్ల మధ్యలో, పదిన్నరకు, డాక్టరమ్మ బయటికి వచ్చి, చక్కెర కలిపిన నీళ్ళు నాలుగు చెంచాలు తన చేత్తోనే పిల్లకు పట్టింది. పిల్ల ఏడుపు మానింది. ఆమె గడియారం చూసి, కాగితం మీద రాసుకుని, అక్కడే మంచం అంచున కూర్చుంది. నాకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. మనసులో ఉన్నది అడిగేశాను.

"డాక్టరమ్మా, నాదే తప్పు. ఇయ్యాలది ఒక్కటే కాదు. గ్రహణం నాడు దీన్ని చేన్లకు తోల్కపోయింది నేనే. మొగ్గలు గిల్లిపిచ్చిన. అందుకే గిట్లయింది."

"గ్రహణం నాటికి ఎన్నో నెల?"

"ఐదు నిండి ఆరు వడ్డది."

"బాగా గుర్తుందా?"

"నాకు గుర్తులేనిది లేదమ్మా. అంతకుముందు శుక్రవారమే పిల్ల కడుపుల తన్నిందని అన్నది."

ఆమె తన రెండు చేతులూ మొహానికి రెండు పక్కలా పెట్టుకుని, ముందుకు జరిపి, ముక్కు కింద వేళ్ళు కలిపి చూపించింది. "కడుపులో పెదవి ఇట్లా రెండు పక్కల నుంచి వచ్చి కలుస్తుంది. రెండో నెలలోనే కలిసిపోతుంది. కొందరికి కలవదు. ఎందుకో చాలాసార్లు మాకూ తెలియదు. మీరు పత్తి ఒలిచే నాటికి ఈ పాప పెదవి ఇట్లా అయ్యి మూడు నెలలు దాటింది. మీ మొగ్గలకూ దీనికీ సంబంధం లేదు."

ఆమె లేచి పోయింది. నేను వేళ్ళ మీద వెనక్కి లెక్క పెట్టుకున్నాను. రెండో నెల అంటే అప్పటికి పత్తి విత్తనాలు పెట్టి పదిహేను రోజులు. నా బిడ్డ నెల తప్పిందని దానికే సరిగా తెలియదు. అప్పటికే లోపల ఇంత పని జరిగిపోతుందా? నేను ముగ్గురిని కన్నాను. కలుపు తీస్తూనో, నీళ్ళు మోస్తూనో, ఎవరితోనో పోట్లాడుతూనో ఉన్నప్పుడు నా లోపల మూడుసార్లు రెండు పక్కల నుంచి పెదవి వచ్చి కలిసింది. నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. నేను చేసిందేమీ లేదు, ఆపగలిగిందీ లేదు. ఆ మంచం మీద కూర్చుని, వార్డులో తిరిగే మనుషుల మూతులన్నీ చూశాను. నర్సమ్మది, ఊడ్చే ఆమెది, నా బిడ్డది. ఒక్కొక్కటీ అట్లా కలిసి వచ్చిందే.

నా బిడ్డ అటు తిరిగి కూర్చుని అంతా వింది. "నేను నిన్నెన్నడన్న అన్ననా అమ్మా?" అంది.

"అనలే."

"మరి ఇన్నొద్దులు ఎందుకు మోసినవ్?"

పిల్లను నా ఒళ్ళోకి ఇచ్చింది. అప్పటిదాకా ఆ పొద్దున అది పిల్లను నా చేతికి ఇవ్వలేదు.

ఒంటిగంట దాటాక పిలిచారు. ఈసారి తలుపు దగ్గర డాక్టరమ్మ ఏమీ అడగకముందే నా బిడ్డ, "పదిన్నరకు మీరు పట్టిన నీళ్ళు, అంతే" అంది. డాక్టరమ్మ నా వైపు చూసింది. "అంతేనమ్మా, నా మనవరాలి మీద ఒట్టు" అన్నాను. పిల్లను తీసుకుని లోపలికి పోయింది. పిల్ల ఆమె భుజం మీదుగా మమ్మల్ని చూస్తూ పోయింది.

గంటన్నర సేపు పట్టింది. నాగర్‌కర్నూల్ పిల్ల అప్పటికి మత్తు దిగి మంచం మీద కూర్చుని ఉంది. నర్సమ్మ చేతి అద్దం ఇచ్చింది. పొద్దుటి నుంచి ఆగకుండా మాట్లాడిన ఆ పిల్ల అద్దాన్ని కళ్ళ ముందు పెట్టుకుంది. అద్దం వంచి చూసింది, దూరం పెట్టి చూసింది. చివరికి, కుట్లు కదలకుండా మెల్లగా, "అమ్మా, నా మూతి చిన్నగైంది" అంది. ఆ తల్లి అద్దం తీసుకుని, ఎందుకో తన మూతి చూసుకుంది.

మమ్మల్ని పిలిచినప్పుడు నా బిడ్డ మంచం మీదే కూర్చుంది. "ముందుగాల నువ్వు పో" అంది. నేను పోయాను.

పిల్ల నిద్రలో ఉంది. రెండు మోచేతులకూ గుడ్డ చుట్టిన అట్టముక్కలు కట్టారు, చేయి వంచి కుట్లు పీక్కోకుండా. ముక్కు కింద సన్నటి దారపు కుట్లు. పెదవి అంచు దగ్గర నీలం రంగు చుక్కలు రెండు మూడు ఇంకా మిగిలి ఉన్నాయి. ఎక్కడ కోయాలో, ఏది దేనికి కలపాలో ముందే కొలిచి పెట్టుకున్న గుర్తులట. జొన్నగింజలో సగం కూడా లేవు. ఆ చుక్కను ఈ చుక్కకు తెచ్చి కలిపారు. ఎర్రటి అంచు ఎక్కడా మెట్టు లేకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. నేను గోటితో మొగ్గ ఒలిచే మనిషిని. వేలు ఎంత మెల్లగా పోవాలో, ఎక్కడ ఆగాలో నాకు కొంత తెలుసు. ఇది నాకు తెలిసిన పని కాదు. నేను వంగి ఊపిరి బిగబట్టి చూశాను, నా ఊపిరి తగిలినా కదులుతుందేమో అన్నట్టు.

దాని నోరు మూసి ఉంది. పదకొండు నెలల్లో నిద్రలో గానీ మెలకువలో గానీ ఆ నోరు పూర్తిగా మూసి ఉండగా నేను చూడలేదు. ముక్కులోంచి గాలి వస్తోంది, పోతోంది.

నా బిడ్డ నా వెనక వచ్చి నిలబడింది. చూసింది, చూసింది. "ఇది మనదేనా?" అంది. తర్వాత ఏడుపు వచ్చేసింది. "దాని నవ్వు వోయిందమ్మా. ఇంత పెద్దగ నవ్వుతుండె."

నాకు కోపం వచ్చింది, మరుక్షణమే పోయింది. నిజమే కదా. ఆ చీలిన మూతితోనే అది మమ్మల్ని చూసి నవ్వింది. ఊరు ఏమన్నా, ఆ తల్లి ఆ నవ్వునే ప్రేమించింది.

డాక్టరమ్మ చేతులు కడుక్కుంటూ వింది. "నవ్వు ఎక్కడికీ పోదు. కుట్లు మానాక చూడు, మళ్ళీ వస్తుంది. మొహానికి సరిపడా వస్తుంది" అంది. ఇంకో ఏడాదికి లోపలి అంగిలి కూడా మూయాలని, మాటలు సరిగా రావాలంటే అది తప్పదని, ఏ నెలలో రావాలో కాగితం మీద రాసి నా బిడ్డ చేతికి ఇచ్చింది. నా వైపు తిరిగి, "ఆరోజు మీరు ఒక్కపొద్దు ఉండండి, మెతుకు ముట్టకుండా. పాపకు మాత్రం నా లెక్కే" అంది. ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

సాయంత్రం వాళ్ళను ఎక్కించుకుని వ్యాను పోయింది. వాళ్ళ నర్సమ్మలు ఇద్దరు మాత్రం ఆగారు. ఆ రైలు వాళ్ళకు దొరికిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. గేటు దాకా పోయి దండం పెట్టాను. లోపల ఎవరు ఎవరో చీకటి అద్దాల్లో కనపడలేదు. అందరికీ కలిపి ఒకటే దండం పెట్టాను.

మూడు రోజులు ఉంచుకుని మమ్మల్ని పంపించారు. వనపర్తిలో గద్వాల బస్సు ఎక్కాం. పెబ్బేరులో ఒకామె కూరగాయల గంపతో ఎక్కి మా పక్క సీట్లో కూర్చుంది. చెమట తుడుచుకుని, గంపను కాళ్ళ మధ్య సర్దుకుని, అప్పుడు పిల్లను చూసింది. నా బిడ్డ వేళ్ళు నా చీర చెంగు మీద బిగుసుకున్నాయి. ఆ చూపు ఎట్లా మొదలవుతుందో, ఎంతసేపు ఉంటుందో, తర్వాత ఏ మాట వస్తుందో మా ఇద్దరికీ బాగా తెలుసు.

"పడ్డదా?" అంది ఆమె.

నా బిడ్డ నా వైపు చూసింది.

"గీ వయసుల గంతే. మావోడు గూడ గడప తట్టుకొని పడ్డడు, నాలుగు కుట్లు వడ్డయి. ఇప్పుడు కాన్రానే రాదు" అంది ఆమె. ఇంకేమీ అడగలేదు. కిటికీకి తల ఆనించి, బస్సు బీచుపల్లి బ్రిడ్జి ఎక్కేసరికే నిద్రపోయింది.

మా పిల్లను చూసి ఒక మనిషి అంత తొందరగా చూపు తిప్పుకోవడం అదే మొదలు. కింద కృష్ణ పారుతోంది. నా బిడ్డ మోచేత్తో నన్ను పొడిచి, నోరు కొంచెం తెరిచి గురక పెడుతున్న ఆ కూరగాయల ఆమెను చూపించింది. ఇద్దరం చప్పుడు కాకుండా నవ్వుకున్నాం. ఎర్రవల్లి వచ్చేదాకా ఆ నవ్వు ఆగలేదు.